హార్మోన్ పురుగు మందుల ల్యాబ్‌లో ప్రాజెక్టు: అమ్మాయిని పంపవచ్చా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. ఇప్పుడు బెంగళూరులో మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి ఎమ్మెస్సీ జువాలజీ చివరి ఏడాది. హార్మోన్‌లా పనిచేసే పురుగు మందులను పురుగు కణజాలం మీద పరీక్షించే ప్రాజెక్టు వచ్చింది. ఆడపిల్ల, హార్మోన్లంటే టెన్షన్‌గా ఉంది. ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి చూద్దాం. మీ వైపు పట్టు రైతులు పురుగులు జ్వరానికి కూర్చున్నాయంటారు కదా. అప్పుడు పురుగు మేత మాని పాత చర్మం విడుస్తుంది. అలా విడిపించేది ఎక్డైసోన్ అనే హార్మోన్. పురుగును ఇంకా పిల్లదశలోనే ఉంచేది జువెనైల్ హార్మోన్. మన ఒంట్లో ఈ రెండూ తయారుకావు. పురుగు మందుల్లో టెబుఫెనోజైడ్ మొదటిదానిలా, పైరిప్రాక్సిఫెన్ రెండోదానిలా పనిచేస్తాయి. అలాగని గ్లవ్స్ అక్కర్లేదని కాదు. చిక్కటి మందూ, దాన్ని కరిగించే అసిటోన్ లాంటివీ ఒంటికి తగలకూడదు. ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఉందో లేదో అమ్మాయిని చూసి రమ్మనండి. లేకపోతే ఆ ల్యాబ్ వద్దు.

పని విషయానికొస్తే, పురుగును కోసి చర్మం ముక్కనో, రెక్కలుగా మారే కణజాలాన్నో తీసి పోషక ద్రవంలో బతికిస్తారు. ఒక గిన్నెలో అసలు హార్మోన్, ఒకదాంట్లో మందు, ఇంకోదాంట్లో మందు లేకుండా ద్రావకం మాత్రమే వేస్తారు. పోల్చి చూడడానికి పెట్టే ఈ మూడోదే కంట్రోల్. అది ఎందుకంత ముఖ్యమో 1960ల్లో హార్వర్డ్‌లో జరిగిన సంగతి చెబుతుంది. కరెల్ స్లామా అనే కీటక శాస్త్రవేత్త ప్రాగ్ నుంచి తెచ్చిన ఒక రకం ఎర్ర పురుగులు అక్కడ పెద్దవి కాకుండా పిల్లలుగానే ఉండిపోయాయి. వెతగ్గా వెతగ్గా తేలిందేమంటే, గిన్నెలో పరిచిన పేపర్ టవలే కారణం. ఆ కాగితం చేసిన బాల్సమ్ ఫిర్ చెట్టులో జువెనైల్ హార్మోన్‌ లాంటి పదార్థం ఉంది! మందు వేయకపోయినా ఇలా జరగొచ్చు కాబట్టే కంట్రోల్‌తో పోల్చి చూడాలి. నాకు ఈ పనంటే గౌరవం కలిగింది ఈ కథ చదివాకే. మీ అమ్మాయికి కంట్రోల్ విలువ చేతి పనిలో తెలిస్తే ఏ ఇంటర్వ్యూలోనైనా అక్కరకొస్తుంది.

మీ ఊరి రైతులకూ దీంతో సంబంధముంది. పైరిప్రాక్సిఫెన్ లాంటి మందు పక్క చేను నుంచి మల్బరీ ఆకు మీద పడితే పట్టు పురుగు గూడు కట్టకుండా పోవచ్చు. ఏ మోతాదు వరకు ముప్పు లేదో తేల్చేది ఇలాంటి పరీక్షలే.

ఉద్యోగాల మాట దాచకుండా చెబుతాను. వ్యవసాయ కీటకశాస్త్రం పోస్టులు చాలావరకు బీఎస్సీ అగ్రికల్చర్ అడుగుతాయి, నోటిఫికేషన్ చదవకుండా ఆశ పెట్టుకోవద్దు. జువాలజీకి దారి సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్ వస్తే నెలకు 37 వేలు, పైగా ఇంటద్దె. బెంగళూరులోనే హెబ్బాళ వైపు కీటక వనరుల జాతీయ బ్యూరో, జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్ ఉన్నాయి. ప్రైవేటులో టాక్సికాలజీ (విష ప్రభావం) పరీక్షలు చేసే కంపెనీలున్నాయి. 1968 పురుగు మందుల చట్టం ప్రకారం మందును రిజిస్టర్ చేయించాలంటే భద్రత వివరాలు చూపాలి కాబట్టి వాటికి పని ఉంటుంది.

చేరేముందు ఒక వారం అక్కడ కూర్చోనివ్వండి. మైక్రోస్కోపు కింద గంటల తరబడి వేలెడంత పురుగును కోయడం తనకు నచ్చిందో లేదో సాయంత్రం ఇంటికొచ్చినప్పుడు తన మాటల్లోనే మీకు తెలిసిపోతుంది.