గేరు బాక్సు విప్పే ముందు

ఈ నెల వాహనాల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఐదు, మాన్యువల్ గేర్ల స్పోర్ట్స్ కార్ల గురించినవే. మన జిల్లాల్లో ఇలాంటి కార్లు ఎక్కువగా సెకండ్‌హ్యాండ్‌లోనే చేతికొస్తాయి. కాబట్టి కిందటి యజమాని ఏ ఆయిలు పోశాడో, ఏది మార్చాడో తెలియకుండానే మనం బండి నడపడం మొదలుపెడతాం. ఆ సంగతి దృష్టిలో పెట్టుకొని ఈసారి కొంత విస్తారంగా జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నా దగ్గర పదకొండేళ్ల నాటి రెండు తలుపుల స్పోర్ట్స్ కారు ఉంది. ఆరు గేర్లు, డ్రైవ్ వెనుక చక్రాలకు. కొని ఎనిమిది నెలలైంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున బయలుదేరితే మొదటి రెండు మూడు కిలోమీటర్లు రెండో గేరు పడటానికి మొరాయిస్తోంది, బలవంతం చేస్తే గర్రుమంటోంది. హైవే ఎక్కి కాస్త దూరం వెళ్లాక ఆ ఇబ్బందే ఉండదు. గేరు బాక్సు దించి సింక్రో రింగులు మార్చాలని మెకానిక్ అంటున్నాడు. మార్పించమంటారా?
— ఒక పాఠకుడు, మాగుంట లేఔట్, నెల్లూరు

జవాబు: ఇప్పుడే వద్దు. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట, బండి వేడెక్కాక ఇబ్బంది ఉండదన్నది. రింగు నిజంగా అరిగిపోయి ఉంటే చలిలోనూ వేడిలోనూ గర్రుమనే అవకాశమే ఎక్కువ.

గేరు మార్చినప్పుడు వేర్వేరు వేగాలతో తిరుగుతున్న రెండు భాగాలను ఒకే వేగానికి తెచ్చేది సింక్రో రింగు. చాలా గేరు బాక్సుల్లో ఇది ఇత్తడిదే. శంఖువు ఆకారంలో ఉన్న ఉక్కు భాగం మీద ఒరుసుకుంటూ, ఒక చిన్న బ్రేకులాగా అది పనిచేస్తుంది. ఆ ఒరిపిడి పుట్టాలంటే రెండింటి నడుమ ఉన్న ఆయిలు పొర ముందు పక్కకు తప్పుకోవాలి. రాత్రంతా చల్లబడిన ఆయిలు చిక్కగా ఉంటుంది కాబట్టి ఆలస్యంగా తప్పుకుంటుంది, ఆ ఆలస్యమే మీ చేతికి మొరాయింపుగా తెలుస్తుంది. ఒకటో గేరుకూ రెండో గేరుకూ మధ్య నిష్పత్తిలో తేడా సాధారణంగా మిగతా గేర్ల మధ్య ఉన్నదానికంటే ఎక్కువ కనుక, రెండో గేరు రింగుకే ఎక్కువ పని పడుతుంది, ఫిర్యాదు కూడా ముందు అక్కడే మొదలవుతుంది.

అయితే నెల్లూరు చలి అంత పెద్ద చలి కాదు. ఆ మాత్రానికే గేరు మొరాయిస్తోందంటే లోపల సరైన ఆయిలు లేదేమోనని అనుమానించాలి. వెనుక చక్రాల డ్రైవ్ ఉన్న కార్లలో గేరు బాక్సుకు ఒక ఆయిలు, ఇంజను శక్తిని రెండు చక్రాలకూ పంచే వెనుక డిఫరెన్షియల్‌కు మరొక ఆయిలు ఉంటాయి. డిఫరెన్షియల్‌కు సాధారణంగా జీఎల్-5 రకం కావాలి, చాలా గేరు బాక్సులకు జీఎల్-4 కావాలి (జీఎల్ అనేది గేరు ఆయిలు తరగతిని చెప్పే గుర్తు). రెండు డబ్బాల మీదా చిక్కదనాన్ని చెప్పే 75డబ్ల్యూ-90 అనే అంకె రాసి ఉండవచ్చు గనుక, రెండూ ఒకటేననుకొని ఒకే డబ్బాలోది రెండుచోట్లా పోసేవారున్నారు. జీఎల్-5లో తీవ్రమైన ఒత్తిడిని తట్టుకోవడానికి కలిపే గంధకం, భాస్వరం పాళ్లు ఎక్కువ. దానివల్ల రింగుకు కావలసిన ఒరిపిడి తగ్గుతుంది, కొన్ని రకాలు కాలక్రమంలో ఇత్తడిని తినేస్తాయి కూడా. కొన్ని గేరు బాక్సులకు ఈ రెండూ కాక వేరే ఆయిలు చెబుతారు కాబట్టి, ఈ విషయంలో కారుతో వచ్చిన పుస్తకం మాటే చివరి మాట.

అందువల్ల ముందుగా ఆయిలు మార్పించండి, ఆ పని జరిగేటప్పుడు పక్కనే నిలబడండి. కింది బోల్టు విప్పి ఆయిలు వదలడానికి ముందే, ఆయిలు పోసే పై బోల్టు ఊడి వస్తుందో లేదో చూడమనండి. పాతదంతా వదిలేశాక పై బోల్టు బిగుసుకుపోయి రాకపోతే, కారు కదలడానికి వీల్లేకుండా అక్కడే ఉండిపోతుంది. కింది బోల్టు కొనకు అయస్కాంతం ఉంటే, దాన్ని తుడిచెయ్యకుండా మీ చేతికివ్వమనండి. దాని మీద తడిపిన విభూతిలాంటి మెత్తని బూడిదరంగు ముద్ద ఉంటే భయపడవలసిన పనిలేదు, అది ఏళ్ల తరబడి జరిగే సహజమైన అరుగుదల. గోటికి తగిలేంత ఉక్కు ముక్కలు కనిపిస్తే మాత్రం లోపల ఏదో విరుగుతున్నట్టే. ఇత్తడి అయస్కాంతానికి అంటదు కాబట్టి దాన్ని ఆయిల్లోనే వెతకాలి. పాత ఆయిలును తెల్లని పళ్లెంలో పట్టి ఎండలో అటూ ఇటూ వంచితే, రింగు అరిగి ఉన్నపక్షంలో పసుపుపచ్చని తళుకులు కనిపిస్తాయి. ఒకప్పుడు నేను ఆ పళ్లెం చూడకుండానే ఒక మెకానిక్ మాట మీద గేరు బాక్సు విప్పించి, లోపలి రింగులు చక్కగా ఉండటం చూసి చాలా బాధపడ్డాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆయిలు మారేలోపు, ఉదయం మొదటి మూడు కిలోమీటర్లు రేసు ఎక్కువ పెంచకుండా నడపండి. ఒకటి నుంచి రెండుకు వచ్చేటప్పుడు న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగి, తర్వాత గేరు వేయండి. కొత్త ఆయిలుతో వెయ్యి కిలోమీటర్లు తిరిగాక కూడా, బండి వేడెక్కి ఉన్నప్పుడు గర్రుమంటే, లేదా యాక్సిలరేటర్ వదలగానే గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి దూకేస్తే, అప్పుడు మీ మెకానిక్ చెప్పినట్టు గేరు బాక్సు విప్పించవచ్చు.

ప్రశ్న: రోహిణి కార్తెలో మధ్యాహ్నం కర్నూలు రోడ్డు ట్రాఫిక్‌లో అరగంట నడిపేసరికి క్లచ్ పెడల్ మెత్తబడి కింద దాకా వెళ్లిపోతోంది. ఇంటికొచ్చి రివర్స్ వేయబోతే పళ్లు కొరికినట్టు శబ్దం వస్తోంది. సాయంత్రం చల్లబడ్డాక బాగానే ఉంటోంది. క్లచ్ ప్లేటు అయిపోయిందా?
— ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, ప్లేటు అరిగితే కనిపించే లక్షణం వేరు. రేసు పెరుగుతుంది గానీ బండి ముందుకు లాగదు, ఎత్తు ఎక్కేటప్పుడు మాడు వాసన కూడా వస్తుంది. మీరు రాసింది చూస్తే, మీ కాలికీ క్లచ్‌కూ నడుమ ఉన్న హైడ్రాలిక్ వ్యవస్థలోనే లోపం ఉన్నట్టు తోస్తోంది.

పెడల్ తొక్కినప్పుడు ఆ ఒత్తిడిని కిందికి మోసేది బ్రేకు ఆయిలే, చాలా కార్లలో బ్రేకులకూ క్లచ్‌కూ డబ్బా కూడా ఒకటే. ఈ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిలు కొత్తదైతే కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టిన తర్వాత అది 155 డిగ్రీలకే మరగవచ్చు. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో ఈ విషయాన్ని అసలు నిర్లక్ష్యం చేయకూడదు. ఇంజను కిందుగా, సైలెన్సర్ గొట్టానికి దగ్గరగా ఉండి, ఆయిలు ఒత్తిడితో క్లచ్‌ను విడదీసే స్లేవ్ సిలిండర్ బాగా వేడెక్కినప్పుడు లోపల ఆవిరి బుడగలు పుడతాయి, బుడగ నలుగుతుందే తప్ప ఒత్తిడిని మోయదు. అందుకే మీ కాలికి పెడల్ మెత్తగా తగులుతోంది.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. ఇబ్బంది వచ్చినప్పుడు పెడల్‌ను వెంటవెంటనే మూడుసార్లు తొక్కి, మూడోసారి అలాగే పట్టుకొని గేరు వేయండి. గేరు సాఫీగా పడితే లోపం ఆయిలుదో, సిలిండర్ సీళ్లదో అవుతుంది. తర్వాత డబ్బా మూత తీసి చూడండి. కొత్త ఆయిలు పలుచని తేనె రంగులో ఉంటుంది, కాఫీ డికాక్షన్ రంగుకు వచ్చిందంటే దాన్ని మార్చవలసిన రోజు ఎప్పుడో దాటిపోయింది. స్లేవ్ సిలిండర్ మీది రబ్బరు తొడుగును వేలితో కొంచెం పక్కకు లాగి చూసినప్పుడు లోపల తడి కనిపిస్తే సీలు పోయినట్టే. అప్పుడు సిలిండరునే మార్చడం మంచిది. కొన్ని కార్లలో ఇది గేరు బాక్సు లోపలి వైపునే ఉంటుంది. మీది ఆ రకమైతే, ఎలాగూ గేరు బాక్సు దించాలి కాబట్టి క్లచ్ ప్లేటునూ, క్లచ్‌ను నొక్కి విడదీసే రిలీజ్ బేరింగునూ కూడా అప్పుడే చూపించుకోండి.

ఆయిలు మార్చి గాలి పూర్తిగా తీయించండి, ఆ తర్వాత రెండేళ్లకొకసారి తప్పకుండా మార్పిస్తూ ఉండండి. మూత మీద డాట్ 4 అని ఉంటే డాట్ 5 పోయవద్దు, అది సిలికాన్ రకం, దీనితో కలవదు. ఇంజను ఆయిలు ఒక్క చుక్క పడినా సీళ్లు ఉబ్బిపోతాయి. బ్రేకులూ ఇదే డబ్బా మీద ఆధారపడి ఉంటే, అందులో ఆయిలు మట్టం తగ్గుతున్న కారును ట్రాఫిక్‌లోకి తీసుకెళ్లవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను.

రివర్స్ గురించి కూడా చెప్పాలి. చాలా గేరు బాక్సుల్లో రివర్స్‌కు సింక్రో ఉండదు. క్లచ్ తొక్కి నాలుగైదు సెకన్లు ఆగి వేస్తే నిశ్శబ్దంగా పడాలి. అలా ఆగినా శబ్దం వస్తోందంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని అర్థం.

ప్రశ్న: న్యూట్రల్‌లో నిలిపినప్పుడు గేరు బాక్సు నుంచి గోళీలు కదిలినట్టు గలగల శబ్దం వస్తోంది. క్లచ్ తొక్కగానే ఆగిపోతుంది. ప్రమాదమా?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: కాదు. క్లచ్ తొక్కకుండా న్యూట్రల్‌లో ఉంచినప్పుడు, బరువు మోయని గేర్లు ఒకదానికొకటి తగిలి అలా గలగలలాడతాయి. ఇంజనుతో పాటు తిరిగే చక్రం, అంటే ఫ్లైవీల్, తేలికగా ఉండే స్పోర్ట్స్ కార్లలో ఇది మరింత స్పష్టంగా వినిపిస్తుంది. శబ్దం గలగలలా కాకుండా గుర్రుమనే మూలుగులా మారి, వేగంతో పాటు పెరుగుతుంటే గేరు బాక్సు బేరింగును అనుమానించండి. క్లచ్ తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే రిలీజ్ బేరింగ్ పోయినట్టు.

ప్రశ్న: మా అన్నయ్య విదేశంలో ఉన్నాడు. ఆయన కారు అల్లూరు దగ్గర రొయ్యల చెరువుల పక్కన షెడ్డులో వానాకాలమంతా కదలకుండా ఉంది. ఇప్పుడు ఇంజను స్టార్టవుతోంది, కానీ క్లచ్ ఎంత తొక్కినా ఏ గేరూ పడటం లేదు. ఇంజను ఆపితే అన్ని గేర్లూ పడుతున్నాయి.
— ఒక పాఠకుడు, నెల్లూరు జిల్లా

జవాబు: ఇంజను ఆపినప్పుడు గేర్లన్నీ పడుతున్నాయని మీరు గమనించి రాయడం ఎంతో ఉపకరించింది. అంటే గేరు లీవరు, దాని కేబుళ్లు, గేరు బాక్సు బాగానే ఉన్నాయి. పెడల్ గట్టిగానే తగులుతుంటే, ఉప్పుగాలి తేమకు క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది.

కారును నలుగురితో తోయించి, ఎదురుగా మనుషులూ పశువులూ లేని విశాలమైన మట్టి నేల మీదికి చేర్చండి. ముందు బ్రేకులు పట్టుకుంటున్నాయో లేదో చూసుకోండి, ఎందుకంటే అవీ అదే షెడ్డులో ఉన్నాయి. న్యూట్రల్‌లో పది నిమిషాలు ఇంజను వేడెక్కనిచ్చి ఆపండి. రెండో గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి స్టార్ట్ చేస్తే కారు ఒక్క కుదుపుతో కదులుతుంది. క్లచ్ తొక్కే ఉంచి, యాక్సిలరేటర్‌ను మెల్లగా నొక్కుతూ వదులుతూ కొంతదూరం వెళ్లండి. చాలాసార్లు ఒక చిన్న టప్పుమనే శబ్దంతో ప్లేటు విడిపోతుంది. ఆపవలసి వస్తే బ్రేకు తొక్కి, తాళంచెవి కూడా తిప్పి ఇంజను ఆపేయండి. నాలుగైదు ప్రయత్నాలకు విడకపోతే అక్కడితో మానేసి, క్లచ్ విప్పించండి. అంతకంటే మొండిగా చేస్తే ప్లేటు మీది లైనింగ్ ఊడి వస్తుంది.

ఇకమీద షెడ్డులో ఉంచేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ వేయకుండా ఒకటో గేరులో ఉంచి, చక్రాలకు ఇటుకలు పెట్టండి. పది రోజులకొకసారి ఎవరిచేతనైనా పది కిలోమీటర్లు నడిపించండి. ఊరికే స్టార్ట్ చేసి ఆపడం వల్ల ప్రయోజనం ఉండదు.

ప్రశ్న: క్లచ్ తొక్కిన ప్రతిసారీ కాళ్ల దగ్గర కిర్రుమంటోంది. ఇంజను ఆపి ఉన్నా వస్తోంది.
— ఒక పాఠకుడు, సింగరాయకొండ

జవాబు: ఇంజను ఆపినా వస్తోందంటే తిరిగే భాగాలకు దీనితో సంబంధం లేదు. పెడల్ పైభాగంలో, ఇరుసు దగ్గర ప్లాస్టిక్ బుష్ ఎండిపోయి ఉంటుంది. టార్చి పట్టుకొని తల లోపలికి పెట్టి, ఇంకొకరిని మెల్లగా చేత్తో పెడల్ నొక్కమనండి, శబ్దం వచ్చేచోటు వేలికి చిన్న వణుకుగా తెలుస్తుంది. అక్కడ పాత జిడ్డు తుడిచి, శనగగింజంత సిలికాన్ గ్రీజు పెట్టండి. వారంలో మళ్లీ కిర్రుమంటే బుష్ మార్పించండి.