అరవైకి దగ్గరపడ్డాక స్కూబా డైవింగ్ చేయొచ్చా?

ప్రశ్న: నా వయసు 59. జనవరిలో పిల్లలతో అండమాన్ వెళ్తున్నాం. ఒక్కసారైనా స్కూబా డైవింగ్ చేయాలని నా కోరిక. ఆరేళ్లుగా బీపీకి అటెనోలాల్, షుగర్‌కు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. ఈ వయసులో ఎందుకని ఇంట్లో వద్దంటున్నారు. చేయొచ్చా?
- ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: డైవింగ్‌కు పై వయసు పరిమితి అంటూ లేదు. కాబట్టి 59 ఏళ్లు అడ్డు కాదు. మీ విషయంలో నేను ముందుగా చూసేది గుండె, ఆ తర్వాత మీరు వేసుకునే మాత్రలు.

మెడలోతు నీళ్లలో నిలబడితేనే కాళ్లలోని రక్తం అర లీటరుకు పైగా ఛాతీ వైపు మళ్లుతుంది. నీళ్లలో దిగిన కాసేపటికి మూత్రం వచ్చినట్టు అనిపించేది అందుకే. ఆరోగ్యంగా ఉన్న గుండె ఈ అదనపు భారాన్ని తట్టుకుంటుంది. బీపీ ఉన్నవాళ్లలో మాత్రం ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి, లోపల ఉండగానే ఆయాసం మొదలవుతుంది. పెద్ద వయసు డైవర్ల మరణాలకు గుండెజబ్బు ఒక ముఖ్య కారణం. అందుకే టికెట్లు బుక్ చేసేముందే ఈసీజీ, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోండి. రెండంతస్తులు ఎక్కేసరికి ఆయాసపడుతుంటే ఈ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాల్సిందే.

అటెనోలాల్ గుండె వేగాన్ని పెరగనివ్వదు. నీళ్లలో ప్రవాహానికి ఎదురీదాల్సి వస్తే ఇది ఇబ్బందే. మందు మార్చాలా వద్దా అన్నది మీ డాక్టర్ నిర్ణయించాలి. సొంతంగా మానేస్తే మాత్రం ప్రమాదం. మార్చినా కొత్త మందు ఒంటికి కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి ఇప్పుడే వెళ్లి కలవండి. గ్లిమెపిరైడ్‌తో షుగర్ పడిపోయే అవకాశం ఉంది. నీటి అడుగున చెమటలు పట్టినా ఎవరికీ తెలియదు. గత ఏడాదిలో ఒక్కసారైనా షుగర్ బాగా పడిపోయి ఉంటే వద్దనే చెప్తాను.

చెవుల సంగతి ఇంట్లోనే చూసుకోవచ్చు. నోరు మూసి, ముక్కు రెండు వేళ్లతో పట్టుకుని, మెల్లగా గాలి ఊదండి. రెండు చెవుల్లోనూ 'టప్' మనాలి. నీళ్లలో ప్రతి మీటరుకూ, నొప్పి రాకముందే ఇలా చేస్తూ దిగాలి. 10 మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. జలుబుతో దిగితే కర్ణభేరి చిరిగే ప్రమాదం ఉంది. పైకి వచ్చేటప్పుడు ఊపిరి అస్సలు బిగపట్టకూడదు. 10 మీటర్ల లోతులో పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలై ఊపిరితిత్తులు చిరగొచ్చు. ఆస్తమా, పాత టీబీ ఉంటే ఛాతీ డాక్టర్‌కు చూపించుకోకుండా దిగొద్దు.

అక్కడ డైవింగ్‌కు ముందు ఆరోగ్య వివరాల ఫారం ఇస్తారు. పడవ ఎక్కే హడావుడిలో చాలామంది చదవకుండానే అన్నిటికీ 'లేదు' అని టిక్ పెట్టేస్తారు. దయచేసి మీరలా చేయొద్దు. బీపీ, షుగర్ దాచితే మిమ్మల్ని పట్టుకుని దింపే ఇన్‌స్ట్రక్టర్‌కు ఏం జాగ్రత్త తీసుకోవాలో తెలియదు.

పరీక్షలన్నీ బాగుంటే 12 మీటర్లు దాటని ట్రయల్ డైవ్ చాలు. డైవింగ్ ప్రయాణం చివరిరోజున పెట్టుకోవద్దు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు విమానం ఎక్కకూడదు. పైకి వచ్చాక కీళ్లనొప్పి, తిమ్మిర్లు, ఆయాసం, దగ్గులో ఎర్రటి నురగ కనిపిస్తే అలసట అనుకుని పడుకోకుండా వెంటనే చెప్పి ఆక్సిజన్ పెట్టించుకోండి, ఆస్పత్రికి వెళ్లండి.