రష్ వారానికి ముందు మేనల్లుడికి ఒక ఉత్తరం

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు వదల్లేదు. "వీడేదో గ్రీకు అక్షరాల గుంపులో చేరతానంటున్నాడురా, అక్కడ తాగించి కొడతారట, నువ్వే చెప్పు" అని. నేను నవ్వేసరికి ఇంకా మండిపడింది. ఆవిడ భయం ఉత్తిదేం కాదు. అక్క చదువుకునే రోజుల్లో మన కాలేజీల్లో ర్యాగింగ్ ఎంత ముదిరిందంటే, 1997లో ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని నిషేధిస్తూ చట్టమే తేవాల్సొచ్చింది. అయినా నన్నడిగితే నువ్వు చేరాలనే అంటాను. కాకపోతే కళ్లు తెరుచుకుని చేరు. రష్, అంటే సంఘాలు కొత్తవాళ్లను చూసి ఎంచుకునే వారం, దగ్గరకొచ్చింది కాబట్టే ఈ ఉత్తరం.

ఇక్కడ పుట్టిన పిల్లలకు ఫ్రాటర్నిటీ, అంటే ఈ కాలేజీ కుర్రాళ్ల సంఘాల సంగతి తల్లిపాలతోనే తెలుస్తుంది. నువ్వు విజయవాడలో ఇంటర్ చదివి నేరుగా టెక్సాస్‌లో దిగినవాడివి కాబట్టి కాస్త వెనక్కెళ్తాను. ఈ గ్రీకు అక్షరాల మోజు 1776లో, వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ఫై బీటా కాపాతో మొదలైంది. రహస్యంగా కూర్చుని వాదించుకునే కుర్రాళ్ల సంఘమది. ఆ తర్వాత ఒక్కో సంఘం ఒక్కో బంగళా కట్టుకుంది, తెల్లవాళ్ల పిల్లలు తప్ప ఇంకెవరూ గడప తొక్కని రోజులు చాలాకాలం నడిచాయి. నల్లజాతి విద్యార్థులు 1906లో కార్నెల్‌లో ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టుకున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ అందులో సభ్యుడే. మనవాళ్ల వంతు ఇంకో తొంభై ఏళ్లకు గానీ రాలేదు. ఆస్టిన్‌లో 1998లో మొదలైన డెల్టా ఎప్సిలాన్ సై లాంటివి దక్షిణాసియా పిల్లలు పెట్టుకున్నవే. మనకు చోటు లేదన్నచోట మన చాప మనమే పరుచుకోవడం అన్నమాట.

నీ రూమ్మేట్ "నెట్‌వర్క్, నెట్‌వర్క్" అంటున్నాడని చెప్పావు. అది అబద్ధం కాదు గానీ, నాకు ఒరిగింది అదొక్కటే కాదు. రెండో ఏడు మా సంఘంలో నన్ను ట్రెజరర్‌ని చేశారు. నాకు లెక్కలు బాగా వచ్చనా? కాదు, ఇండియన్ కాబట్టి వస్తాయిలే అని! నలభై మంది దగ్గర డ్యూస్, అంటే సభ్యత్వ రుసుము, వసూలు చెయ్యాలి, హాలు అద్దె కట్టాలి, బ్యాంకు ఖాతా చూడాలి. పంతొమ్మిదేళ్లవాడికి అలాంటి పని ఏ క్లాసులోనూ ఇవ్వరు.

ఒకడు రెండు నెలలుగా కట్టట్లేదు. నాకు ఒళ్లు మండి ఆదివారం మీటింగులో అందరి ముందూ పేరు చదివేశాను. అంతా నవ్వారు. వాడు లేచి వెళ్లిపోయాడు. వారం తర్వాత రాత్రి పన్నెండింటికి పెట్రోల్ బంకులో పాల డబ్బా కొందామని ఆగితే, కౌంటర్ వెనకాల వాడే. ఎర్ర చొక్కా, ఛాతీ మీద పేరు బిళ్ల. పాలకు డబ్బు తీసుకుని, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, "ఇంకేమైనా కావాలా సార్?" అన్నాడు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. మర్నాడు వెళ్లి క్షమాపణ చెప్పి, వారానికి పాతిక డాలర్ల చొప్పున కట్టుకునేలా ఏర్పాటు చేశాను. తర్వాతి సెమిస్టర్‌లో మా నాయనమ్మ పోయినప్పుడు తెల్లవారుజామున మూడు గంటలు కారు నడిపి నన్ను హ్యూస్టన్ ఎయిర్‌పోర్టులో దింపింది వాడే. ఇప్పుడు నా కింద పన్నెండు మంది పనిచేస్తున్నారు. ఎవరినైనా అందరి ముందూ ఏదైనా అనబోతే ఆ ఎర్ర చొక్కా గుర్తొస్తుంది.

ఇక మీ అమ్మ భయం సంగతి. నేను మొదట చేరబోయిన చాప్టర్, అంటే సంఘం శాఖ, వేరు. మంచి బంగళా, ఖరీదైన కార్లు. ప్లెడ్జ్‌గా, అంటే ఇంకా పూర్తి సభ్యుణ్ని కాకుండా, ఉన్న మూడు వారాలూ నిద్రపోనివ్వలేదు, వాళ్ల గదులు తుడిపించారు, నా కెమిస్ట్రీ పరీక్ష పోయింది. నాలుగో వారం వాళ్లిచ్చిన ప్లెడ్జ్ పిన్ను వాళ్ల టేబుల్ మీద పెట్టేసి వచ్చాను. ఒక్కడూ ఆపలేదు, ఆకాశమూ విరిగి పడలేదు. ఏడాది తర్వాత ఇంకోదాంట్లో చేరాను. చేరబోయేవాళ్లను అలా వేధించడాన్ని ఇక్కడ హేజింగ్ అంటారు. టెక్సాస్‌లో అది నేరం, "వాడే ఒప్పుకున్నాడు" అన్నా చెల్లదు. 2024 డిసెంబరులో కేంద్ర చట్టం కూడా వచ్చింది. ఏ సంఘం తప్పు చేసిందో కాలేజీలే బయటపెట్టాలి. నీ కాలేజీ వెబ్‌సైట్‌లో ఆ జాబితా తీసి, నిన్ను పిలుస్తున్నవాళ్ల పేరు ఉందేమో చూడు. ఉంటే పిలుపు ఎంత తీయగా ఉన్నా వెళ్లకు.

మందు సంగతి కూడా చెప్పేస్తాను, అక్కకు చూపించకు. ఇరవై ఒకటి నిండేదాకా ఇక్కడ తాగడం నేరం. నీది ఎఫ్‌-1, అంటే విద్యార్థి వీసా. తాగి కారు నడిపి దొరికితే, కేసు తేలకముందే వీసా రద్దు చేసేయగలరు. పక్కవాడికి జరిమానాతో పోయేది నీకు చదువు మీదకే వస్తుంది. చేతిలో సోడా గ్లాసు పట్టుకుని తిరుగు, ఎవరూ అడగరు.

రష్ రోజుల్లో వాళ్లు నిన్ను చూస్తున్నారనుకుంటావు. నువ్వూ చూడు. ఆఖరి ఏడాదివాళ్లు మొదటి ఏడాదివాళ్లతో ఎలా మాట్లాడుతున్నారు? పార్టీ అయ్యాక ప్లేట్లు ఎవరు తీస్తున్నారు? డ్యూస్ ఎంతో కాగితం మీద అడుగు. కొన్నిచోట్ల సెమిస్టర్‌కు కొన్ని వందలతో పోతుంది, బంగళా ఉన్నచోట వేలు దాటుతుంది. ఆ డబ్బు బావ పంపేదాంట్లోంచి కాకుండా లైబ్రరీ ఉద్యోగంలోంచి కట్టగలిగితేనే చేరు. చాప్టర్‌వాళ్ల సగటు జీపీఏ, అంటే మార్కుల సగటు, కూడా అడుగు. నీళ్లు నమిలితే సంగతి అర్థమైనట్టే.

అందరూ మనవాళ్లే ఉన్నదాంట్లో చేరాలా, కలగలుపు దాంట్లోనా అన్నావు. మనవాళ్లతో ఉంటే దీపావళికి ఒంటరిగా ఉండవు, పప్పన్నం బెంగ తీరుతుంది. కానీ నువ్వు గదిలో ఎలాగూ తెలుగే మాట్లాడుతున్నావు, వారాంతం వస్తే తెలుగువాళ్ల ఇళ్లకే పోతున్నావు. అందుకే నేనైతే రెండోదాని వైపే మొగ్గుతాను. అయినా మనుషుల్ని చూసింది నువ్వు, నిర్ణయం నీదే.

బిడ్, అంటే చేరమని పిలుపు, వచ్చినా రాకపోయినా ఆదివారం ఫోన్ చెయ్. అక్కతో నేను మాట్లాడతాను, మధ్యలో నువ్వు దూరకు. ఆఖరి రోజు ఇంటర్వ్యూకు కోటు వేసుకు రమ్మంటారు. నా నేవీ బ్లూ కోటు ఈరోజే పార్సిల్ చేశాను. చేతులు నీకు రెండంగుళాలు పొడుగవుతాయి, లోపలికి మడిచి పిన్నులు పెట్టుకో. ఎడమ జేబులో నా పాత డ్యూస్ రసీదు ఒకటి ఉంటుంది, పారెయ్యకు.

మీ మామయ్య