ఎర్షాద్‌ను దింపింది పార్టీలా, పిల్లలా?

ప్రశ్న: మా కాలేజీ వక్తృత్వ పోటీకి 1990 బంగ్లాదేశ్ ఉద్యమం టాపిక్‌గా ఇచ్చారు. ప్రతిపక్షాలు కలిశాయి కాబట్టే అక్కడి సైనిక పాలకుడు ఎర్షాద్ దిగిపోయాడని మా నాన్నగారు, అదంతా స్టూడెంట్ల ఘనతేనని మా లెక్చరర్‌గారు అంటున్నారు. ఏది చెప్పాలి?
– డిగ్రీ విద్యార్థిని, రాజోలు

జవాబు: మన డెల్టాలో 1990 అంటే ముందు మే నెల తుఫానే గుర్తొస్తుంది, అందుకేనేమో ఆ ఏడాది చివర్లో బంగాళాఖాతం అవతల జరిగిన దాని గురించి మనవైపు మాట్లాడుకునేవాళ్లు తక్కువ. ఈ టాపిక్ ఇచ్చినవాళ్లను మెచ్చుకోవాలమ్మా. నేనైతే మీ లెక్చరర్‌గారి వైపే. ఎందుకంటే ఆ పిల్లలు ఎర్షాద్ కంటే ముందు తమ పార్టీల పెద్దలను దారికి తెచ్చారు.

జనరల్ ఎర్షాద్ 1982 మార్చి 24న, ఎన్నికైన అధ్యక్షుడు సత్తార్‌ను తప్పించి అధికారం లాక్కున్నాడు. మరుసటి ఫిబ్రవరికే ఢాకా విద్యార్థులు అతని విద్యా విధానం మీద రోడ్డెక్కి తూటాలకు ఎదురెళ్లారు. పార్టీలు మాత్రం ఒక్క తాటి మీదికి రాలేదు. 1986 ఎన్నికల్లో షేక్ హసీనా అవామీ లీగ్ పోటీ చేసింది, ఖలీదా జియా పార్టీ బీఎన్‌పీ (బంగ్లాదేశ్ నేషనలిస్ట్ పార్టీ) బహిష్కరించింది, ఎర్షాద్‌కు కావలసిందీ అదే.

1987 నవంబరు 10న నూర్ హుస్సేన్ అనే కుర్రాడు, ఆటో డ్రైవర్ కొడుకు, చొక్కా విప్పేసి ఛాతీ మీద 'నియంతృత్వం నశించాలి' అని, వీపు మీద 'ప్రజాస్వామ్యానికి విముక్తి కావాలి' అని తెల్ల పెయింటుతో రాయించుకుని ఊరేగింపులో నడిచాడు, పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అతని ఫొటో దొరుకుతుంది, మాట్లాడే ముందు తప్పకుండా చూడండి. అంత జరిగినా ఎర్షాద్ ఎమర్జెన్సీ పెట్టి, 1988లో పెద్ద పార్టీలేవీ లేని ఎన్నిక జరిపించుకుని ఇంకా మూడేళ్లు లాగించాడు.

అసలు మలుపు 1990 అక్టోబరు 10. ఆ రోజు జెహాద్ అనే విద్యార్థి కాల్పుల్లో పోతే, అంతవరకు క్యాంపస్‌లో ఒకరినొకరు కొట్టుకున్న సంఘాలు అతని శవం ముందు చేతులు కలిపి సర్వపక్ష విద్యార్థి ఐక్య సంఘం పెట్టుకున్నాయి. హసీనా పార్టీ పిల్లలు, ఖలీదా పార్టీ పిల్లలు, వామపక్షాల పిల్లలు ఒకే వేదిక మీద కూర్చుంటే పెద్దవాళ్లు ఇంకా ఎడమొహం పెడమొహంగా ఉండటానికి మొహం చెల్లలేదు. నవంబరు 19న హసీనా, ఖలీదా, వామపక్షాల మూడు కూటములూ ఒకే ప్రకటన చేశాయి, ఎర్షాద్ దిగాలి, తటస్థ ప్రభుత్వం ఎన్నిక జరపాలి అని. నవంబరు 27న వైద్యుల సంఘం నాయకుడు డాక్టర్ మిలన్‌ను ఢాకా యూనివర్సిటీ దగ్గర, రిక్షాలో వెళ్తుండగా కాల్చి చంపారు. అదే రోజు మళ్లీ ఎమర్జెన్సీ. దాంతో డాక్టర్లు తిరగబడ్డారు, పత్రికలవాళ్లు అచ్చే ఆపేశారు, కర్ఫ్యూ ఉన్నా జనం వీధుల్లోంచి కదల్లేదు.

మీ నాన్నగారి మాట కూడా తీసిపారెయ్యకండి. దిగమనడం పిల్లలు చేశారు. దిగాక ఏం చెయ్యాలో కాగితం మీద పెట్టింది పార్టీలే.

ప్రశ్న: తనవాడైన జనరల్‌ను సైన్యం ఎందుకు కాపాడలేదు? మళ్లీ ఇంకో జనరల్ ఎందుకు రాలేదు?
– రిటైర్డ్ టీచర్, భీమవరం

జవాబు: మాస్టారూ, ఊరంతా ఒకవైపు ఉన్నప్పుడు ఒక్క మనిషి కోసం తుపాకులు ఎత్తడానికి సైన్యాధిపతి నూరుద్దీన్ ఖాన్ ముందుకు రాలేదు. డిసెంబరు 4న ఎర్షాద్ దిగిపోతానన్నాడు. 6న జరిగింది మాత్రం వరసగా చెప్పుకోవాలి. ముందు ఉపాధ్యక్షుడు మౌదూద్ అహ్మద్ రాజీనామా చేశారు, ఆయన స్థానంలో ప్రధాన న్యాయమూర్తి షహాబుద్దీన్ అహ్మద్‌ను నియమించారు, ఆ తర్వాత ఎర్షాద్ తన రాజీనామాను ఆయన చేతికే ఇచ్చాడు. రాజ్యాంగం దాటలేదు, కుర్చీ ఖాళీగా లేదు, ఇక ఇంకో జనరల్ దూరడానికి సందేదీ?

1991 ఫిబ్రవరి 27న ఎన్నిక జరిగి ఖలీదా ప్రధాని అయ్యారు. షహాబుద్దీన్ మళ్లీ కోర్టుకు వెళ్లనిస్తేనే బాధ్యత తీసుకుంటానన్నారు, దానికోసం రెండు పెద్ద పార్టీలూ కలిసి రాజ్యాంగాన్ని సవరించాయి, ఆయన అన్నట్టే వెళ్లిపోయారు.