మొదటిసారి అని రాసే ముందు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మూడేళ్ళపాటు వెయ్యిమంది పిల్లల వెంట తిరిగి, ఎవరికి డెంగీ మొదటిసారి సోకుతున్నదో లెక్క తీస్తావట. ఆ మాట విని పది నిమిషాలు పొంగిపోయాను. మిగిలిన రాత్రంతా నిద్ర పట్టలేదు. సలహా నువ్వు అడగలేదు, తెలుసు. ముప్పై ఏళ్ళు ఆ రక్తం గొట్టాలూ ఆ మంచుపెట్టెలూ మోసినదాన్ని, అడగకుండానే చెప్పే హక్కు నాకుందనుకుంటాను.

అందరికీ తెలిసినవి ముందు వదిలించుకుంటాను. తల్లిదండ్రుల సంతకం లేకుండా సూది పట్టకు. గొట్టం మీద పేరు వద్దు, నంబరు రాయి, చలికీ తడికీ చెరగని సిరాతో. రక్తం గడ్డకట్టాక పైన తేలే సీరం అంతా ఒకే గొట్టంలో పోసి మాటిమాటికీ కరిగించకు, మూడు చిన్న గొట్టాల్లోకి పంచి పెట్టు. జ్వరం ఎప్పుడు మొదలైందంటే "మొన్న" అంటారు. ఏ పూట అని మళ్ళీ అడుగు. ఇవన్నీ నీకు ఎవరైనా నేర్పుతారు.

ఎవరూ గట్టిగా నేర్పనిది ఒకటుంది. 'మొదటిసారి' అన్న మాట ఎవరిని అడిగి రాయాలి?

డెంగీలో నాలుగు రకాలు. ఒకటి సోకి తగ్గితే ఆ రకం నుంచి జీవితకాలం రక్షణ. మిగతా మూడింటి నుంచి రక్షణ కొన్నాళ్ళే, ఆ తరవాత వ్యవహారం తిరగబడుతుంది. పాత యాంటీబాడీలు కొత్త రకం వైరస్‌ను పట్టుకుంటాయి గాని చంపలేవు, పైగా చెయ్యి పట్టుకుని కణం లోపలికి తీసుకుపోతాయి. రెండోసారి ప్రమాదం ఎక్కువ కావడానికి ఇదే ముఖ్య కారణమంటారు. ఇదంతా నీకు కంఠతా వచ్చు. సోకినవాళ్ళలో నలుగురికి ముగ్గురు చొప్పున జబ్బు పడినట్టే తెలియకుండా తిరుగుతారన్నదీ కంఠతా వచ్చే ఉంటుంది. ఈ రెండు సంగతులనూ ఎప్పుడైనా పక్కపక్కన పెట్టి చూశావా? తమకు వచ్చిందని తమకే తెలియనివాళ్ళను కూర్చోబెట్టి "ఇంతకుముందు డెంగీ వచ్చిందా?" అని అడుగుతాం. లేదంటారు. మనం గడి నింపేస్తాం.

నేను నింపాను. ఈ కథ మీ అమ్మకు కూడా చెప్పలేదు.

అప్పట్లో మేమూ పిల్లల బృందాన్నే గమనిస్తున్నాం. దోమల కాలానికి ముందు ప్రతి పిల్లవాడి దగ్గరా రక్తం తీసి మైనస్ 80 డిగ్రీల్లో దాచేవాళ్ళం. కాలం ముగిశాక మళ్ళీ తీసి, ముందుదీ తరవాతదీ ఒకే ప్లేటులో పక్కపక్కన పెట్టి పరీక్షించడం మా పద్ధతి. పద్ధతిలో తప్పు లేదు. రెండింటినీ పోల్చాలంటే అలాగే చెయ్యాలి. తొంభై ఆరు గుంటల ప్లేటు, నిండితేగాని నడపకూడదని నా పొదుపు. అంటే పిల్లలు జ్వరాలతో వచ్చే నెలలన్నీ వాళ్ళ పాత రక్తం ఏం చెబుతుందో మాకు తెలియదు. ఫ్రీజర్‌లో మూడు అరల కింద ఉంటుంది, అంతే.

పదకొండేళ్ళ పిల్లవాణ్ణి వాళ్ళమ్మ మూడో రోజు జ్వరంతో తీసుకొచ్చింది. పట్టీ పరీక్షలో, రక్తంలో వైరస్ ఉందని చెప్పే ఎన్ఎస్1 గీత చిక్కగా వచ్చింది. కొత్తగా సోకినప్పుడు పుట్టే ఐజీఎం యాంటీబాడీ లేదు, ఇంతకుముందు సోకితే మిగిలే ఐజీజీ యాంటీబాడీ లేదు. ఇంతకుముందు వచ్చిందా అంటే, వీడికి జలుబు కూడా రాదమ్మా అంది. ఐజీజీ గీత లేదు, తల్లి లేదంటోంది, ఇంకేం కావాలి? కార్డు మీద 'మొదటిసారి' అని రాసి కింద గీత కూడా గీశాను. ఆ పట్టీల్లో ఐజీజీ గీతను రెండోసారి సోకినప్పుడు ఉవ్వెత్తున లేచే మోతాదుకు సరిపెడతారు. ఎప్పుడో సోకి అడుగున మిగిలిన కొద్దిపాటి యాంటీబాడీలను అది చూడనే చూడదు. మూడో రోజుకు కొత్తవి ఇంకా లేవవు. డబ్బాలోని కాగితంలో ఆ ముక్క ఉంది. నేను ఆ కాగితం చదివాను కూడా.

అయిదో రోజు పొద్దున జ్వరం దిగింది. పిల్లవాడు లేచి కూర్చున్నాడు. "మొదటిసారేనమ్మా, జ్వరం కూడా తగ్గింది, ఇక భయం లేదు" అన్నాను. ఎంత హాయిగా అన్నానో! జ్వరం దిగే వేళే డెంగీలో గండం గడవాల్సిన వేళ అని శిక్షణ తరగతుల్లో పాఠం చెప్పేదాన్ని నేనే. ఆ రాత్రి పదింటికి వాళ్ళమ్మ వాణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. సాయంత్రం నుంచి కడుపునొప్పి, ఆగని వాంతులు. చెయ్యి పట్టుకుంటే కుళాయి నీళ్ళంత చల్లగా ఉంది. నాడి దొరకడానికి వేలు మూడుచోట్ల మార్చాను. రెండు రాత్రులు సెలైన్ చుక్కలు లెక్కపెట్టాక బతికాడు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం నొప్పి మొదలైనప్పుడే ఎందుకు తీసుకురాలేదని అడిగితే, "మీరు భయం లేదన్నారు కదా" అంది, అంతే.

ఆ రెండు రాత్రులూ గడిచిన మర్నాడు ఫ్రీజర్ తెరిచి ఆ పిల్లవాడి పాత గొట్టం వెతికాను. మంచు గీకితే నంబరు కనిపించింది. సగం ఖాళీ ప్లేటు నడిపాను. దోమల కాలానికి ముందే వాడి రక్తంలో ఐజీజీ ఉంది.

అందుకని, మొదటి విడత రక్తాన్ని తీసిన నెలలోనే పరీక్షించు. డబ్బు చాలదంటే పిల్లల సంఖ్య తగ్గించు. ఒక గొట్టం ఇప్పటికి, ఒకటి ఏడాది తరవాత జంటగా నడపడానికి, మూడోది ఎవరూ ముట్టకుండా. కార్డులో 'మొదటిసారి', 'కాదు' గడుల పక్కన 'తెలియదు' అని మూడో గడి పెట్టు. దాన్ని చూసి మీ పై అధికారులు ముఖం చిట్లిస్తారు. చిట్లించనీ. రాసింది ఏదైనా సరే, దాన్ని ధైర్యం మాటగా మాత్రం తల్లికి చెప్పకు. మొదటిసారికే విషమించే పిల్లలూ ఉంటారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అరిగే దశలో, ఏడాది లోపు పసివాళ్ళకు మొదటిదే రెండోదానిలా రావచ్చు.

ఇంకో చిక్కు. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ (మెదడువాపు) టీకా వేయించుకున్నా, జికా సోకినా, ఐజీజీ పరీక్ష డెంగీయేమోనని తడబడుతుంది. టీకా కార్డులు తప్పకుండా చూడు. తేలనివాటిని, ఆ యాంటీబాడీలు ఏ వైరస్‌ను ఆపుతాయో చూసే న్యూట్రలైజేషన్ పరీక్షకు పంపు. ఏ రకమో కావాలంటే మొదటి అయిదు రోజుల్లోనే పీసీఆర్. తరవాత విచారించి లాభం లేదు.

లెక్క దగ్గరా జాగ్రత్త. ఏటా నూటికి పదిమందికి సోకే నగరంలో తొమ్మిదేళ్ళు నిండేసరికి నూటికి అరవైమందికి అప్పటికే ఒకసారి అయిపోయి ఉంటుంది. నీ భాగహారంలో కింద ఉండాల్సింది మిగిలిన నూటికి నలభైమందే. వెయ్యిమందితో భాగిస్తే మొదటి పేజీ చూసి పక్కన పెట్టేస్తారు.

ఇంత తిట్టానని పని మానేస్తావేమో, మానకు. 2015లో మొదటి డెంగీ టీకాకు అనుమతులు మొదలయ్యాయి. 2017 నవంబరులో తయారీదారులే ఒక మాట ప్రకటించారు: అంతకుముందు డెంగీ సోకనివాళ్ళకు ఆ టీకా వేస్తే తరవాత జబ్బు తీవ్రం కావచ్చని. అప్పటికి ఫిలిప్పీన్స్‌లో ఎనిమిది లక్షలకు పైగా పిల్లలకు వేసేశారు. ఎవరికి అప్పటికే సోకింది, ఎవరికి సోకలేదు అని ఆ తల్లులు అడిగితే చెప్పడానికి ముందు తీసిన రక్తం కావాలి. నువ్వు తియ్యబోయేది అదే. ఆ పది నిమిషాలూ పొంగిపోయింది ఇందుకే.

ఇక నిద్ర పట్టనిది ఎందుకో చెబుతాను. ఆ దోమ పగలు కుడుతుంది, ఇళ్ళలోనే ఉంటుంది. నువ్వు పగలే, ఇల్లిల్లూ తిరుగుతావు. నీకు ఏడేళ్ళప్పుడు సెలవులకు నా దగ్గరికి వచ్చి నాలుగు రోజులు జ్వరంతో పడుకున్నావు, గుర్తుందా? కళ్ళ వెనక నొప్పి అని ఏడిచావు. తగ్గిపోయింది కదా అని పరీక్ష చెయ్యలేదు. ఊళ్ళో పిల్లలందరి రక్తం నా ఫ్రీజర్‌లో ఉంది, నీది లేదు. ఇరవై ఏళ్ళ కిందటి మాట ఇప్పుడెందుకు అనకు. క్యూబాలో 1977లో మొదటి రకం వచ్చింది. ఇరవై ఏళ్ళకు, 1997లో, శాంటియాగోలో రెండో రకం వచ్చినప్పుడు విషమించింది దాదాపు అందరూ అంతకుముందు ఒకసారి సోకిన పెద్దవాళ్ళే.

వెయ్యిమంది పిల్లల కంటే ముందు నీ చెయ్యి చాపు. మొదటి పెట్టెలో మొదటి గొట్టం నీది పెట్టు. ఫలితం రాగానే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. మీ అమ్మకు కాదు, నాకు.

నీ పెద్దమ్మ