ఆ 32 సెకన్లు రాసేటప్పుడు

నేపర్‌విల్

తమ్ముడికి, ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. 2024 థాంక్స్‌గివింగ్ రోజు, షికాగో పక్కన ఒక తెలుగువాళ్ల ఇంటి బేస్‌మెంట్‌లో తండ్రి, కొడుకు, కొడుకు స్నేహితులిద్దరు కూర్చుని డెట్రాయిట్‌తో బేర్స్ మ్యాచ్ చూస్తుంటారు. బేర్స్ అంటే షికాగో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. కోచ్ మాట్ ఎబర్‌ఫ్లస్‌ని ఉంచాలా తీసేయాలా, బంతి విసిరి ఆట నడిపే కొత్త క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్ నిలబడతాడా లేదా అని వాదించుకుంటారు. మంచి విషయం పట్టుకున్నావు. మనవాళ్ల అమెరికా కథలు చాలావరకు వీసా దగ్గరో, అమ్మానాన్నల్ని వదిలి వచ్చిన దిగులు దగ్గరో ఆగిపోతాయి. ఇక్కడే పెరిగిన పిల్లలున్న ఇంట్లో ఆటలరోజు ఎలా ఉంటుందో రాసినవాళ్లు తక్కువ. నీ మీద ఆశ ఉంది కాబట్టే కాస్త గట్టిగా చెబుతున్నాను.

నీ కథలో వాదన జరగలేదు. కొడుకు కోచ్‌ని తిడతాడు. స్నేహితులు తలూపుతారు. మర్నాడు కోచ్‌ని తీసేస్తారు. కొడుకు అన్నదే నిజమైందని కథ ముగించావు. తండ్రి మాత్రం "పోనీలేరా పాపం" అని ఒక్క మాట అని ఊరుకుంటాడు. ఆయనకి మాటలివ్వకుండానే ఆయన్ని ఓడించావు. చివరికి ఎవరు ఓడిపోతారో నీకు ముందే తెలుసు కదా, నీ దగ్గరున్న గట్టి మాటలన్నీ ఆ మనిషి చేతిలో పెట్టు. ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే.

ఆయన ఏమేం అనగలడో చూడు. ఎబర్‌ఫ్లస్ వచ్చిన 2022లో జట్టు 3 గెలిచి 14 ఓడింది. మరుసటి ఏడు 7 గెలిచింది. 2024లో మొదటి 6 మ్యాచ్‌ల్లో 4 గెలిచింది. తర్వాత అక్టోబర్ 27న వాషింగ్టన్‌లో చివరి పాస్ గాల్లోకి లేవబోతుంటే మన డిఫెండర్ ఒకడు ఆటకి వీపు పెట్టి ప్రేక్షకుల్ని వెక్కిరిస్తున్నాడు. చివర్లో పరుగెత్తుకొచ్చి బంతిని తాకాడు, అది వెళ్లి అవతలివాడి చేతుల్లో పడింది. 18-15తో పోయింది. దానికి కోచ్ ఏం చేస్తాడు? గ్రీన్‌బే వాళ్లు మన చివరి కిక్‌ని బ్లాక్ చేశారు, 20-19తో పోయింది. మినెసోటాతో ఓవర్‌టైమ్‌లో పోయింది. ఇంకా పెద్ద మాట ఒకటుంది. 2017లో కొత్త క్వార్టర్‌బ్యాక్‌గా మిచ్ ట్రుబిస్కీని తెచ్చారు, ఆ సీజన్ అయిపోగానే కోచ్‌ని తీసేశారు. 2021లో జస్టిన్ ఫీల్డ్స్‌ని తెచ్చారు, మళ్లీ అదే. ఇప్పుడు ఈ పిల్లాడు. "కొత్త కుర్రాడు రాగానే వాడికి పాఠం చెప్పేవాణ్ణి మార్చేస్తుంటే వాడు ఎప్పుడు నేర్చుకుంటాడ్రా?" అని తండ్రి అడగాలి. తిలా పాపం తలా పిడికెడు అని కూడా అనగలడు, ఆయన వయసు మనిషి నోటికి ఆ సామెత సహజంగా వస్తుంది.

అప్పుడు కొడుకుకి నిజంగా పనిపడుతుంది. నవంబర్ 10న సొంత మైదానంలోనే న్యూ ఇంగ్లండ్ వాళ్లు కేలబ్‌ని 9 సార్లు పడగొట్టారని వాడు గుర్తుచేయాలి. రెండు రోజులకి, బంతి మన చేతిలో ఉన్నప్పటి ఆట చూసుకునే ఆఫెన్స్ కోచ్‌ని తీసేశారు. మరి ఆ ఆఫెన్స్ కోచ్‌ని ఏరికోరి తెచ్చుకున్న హెడ్ కోచ్ ఎవరు అని అడగాలి. ఇప్పుడు చదివేవాడు అటూ ఇటూ ఊగుతాడు. ఆ ఊగిసలాటే నీకు కావలసింది.

కేలబ్ సంగతికొస్తే, స్నేహితుడు అతని గోళ్ల రంగు మీద వేసిన జోకు నీ కథలో అలా గాల్లో వదిలేశావు. అక్కడ నాకు బాధ కలిగింది. జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైన కుర్రాడతను. ఆ నవంబర్‌లోనే 23 ఏళ్లు నిండాయి. అంతకు ఏడాది ముందు కాలేజీ మ్యాచ్ ఓడిపోయి, స్టాండ్‌లోకి ఎక్కి తల్లి చేతుల్లో ఏడ్చాడు. దాన్ని పట్టుకుని మెతకవాడన్నారు. ఆ మెతకవాడే ఆ ఒక్క సీజన్‌లో 68 సార్లు నేలకూలి, 68 సార్లూ లేచాడు, ఒక్క మ్యాచ్ కూడా మానలేదు. నీ కథలో తల్లి పకోడీల పళ్లెం పెట్టి మేడమీదకి వెళ్లిపోతుంది. ఆవిణ్ణి ఒక్క నిమిషం ఆపు. ఆవిడకి రూల్స్ తెలియక్కర్లేదు. కిందపడ్డ పిల్లాడు లేస్తాడా లేదా అని చూస్తుంది, అంతే.

ఇక ఆ 32 సెకన్లు. నువ్వు రెండు పేజీలు ఆట నియమాలు రాసి ఆ ఘట్టాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. తిరగెయ్యి. చదివేవాడికి మూడు సంగతులు తెలిస్తే చాలు: డెట్రాయిట్ 23, మనం 20, 3 పాయింట్లిచ్చే ఒక్క ఫీల్డ్ గోల్ కొడితే సమానం. చేతిలో ఒక టైమ్ అవుట్ ఉంది, అడిగితే గడియారం ఆగుతుంది, కానీ ఎవరూ అడగట్లేదు. గడియారం ఆగట్లేదు. క్రికెట్‌లోకి మార్చి చెప్పకు. క్వార్టర్‌బ్యాక్‌ని కెప్టెన్ అంటే ఇద్దరూ కాకుండా పోతారు.

ఆ రోజు మా ఇంట్లో మా పక్కింటి పెద్దాయన ఉన్నారు. 1986 జనవరిలో బేర్స్ సూపర్ బౌల్, అంటే ఛాంపియన్‌షిప్ ఫైనల్, గెలవడం కళ్లారా చూసిన తరం. కేలబ్‌ని పడగొట్టినప్పుడు గడియారంలో 32 సెకన్లున్నాయి. ఆయన చెంచా కింద పెట్టారు. ఒక అరచేతిని అడ్డంగా పట్టి, రెండో చేతి వేళ్లు దాని కింద ఆనించి, టైమ్ అవుట్ గుర్తు టీవీకి చూపించారు. గడియారంలో 25. 20. నోట మాట లేదు, చేతులు మాత్రం ఇంకాస్త పైకి లేపారు. 6 సెకన్లుండగా బంతి కదిలింది, దూరంగా వెళ్లి పడింది, మ్యాచ్ అయిపోయింది. డెట్రాయిట్ వాళ్లు కౌగిలించుకుంటున్నా ఆయన చేతులు అలాగే ఉన్నాయి. మా ఆవిడ వెళ్లి భుజం మీద చెయ్యి వేస్తే అప్పుడు దించారు.

మర్నాడు కోచ్‌ని తీసేశారని తెలిసి నేను ఫోన్ చేశాను. సంతోషిస్తారనుకున్నాను. "ఆ కుర్రాడు కూడా టైమ్ అవుట్ అడగొచ్చు కదా, మైదానంలో ఉన్న ఎవరైనా అడగొచ్చు. ఎవరూ అడగలేదు" అన్నారు. చాలాసేపు ఇంకేం మాట్లాడలేదు. నీ తండ్రి పాత్ర రాసేటప్పుడు ఆ మౌనం గుర్తుపెట్టుకో.

ఇంకొకటి. నీ కథలో కొడుకు గురువారం రాత్రే "రేపు తీసేస్తారు చూడండి" అని ధీమాగా అంటాడు. 1920 నుంచి ఉన్న జట్టది, అప్పటిదాకా సీజన్ మధ్యలో హెడ్ కోచ్‌ని ఎప్పుడూ తీసేయలేదు. ఏళ్లతరబడి చూస్తున్న అభిమాని అయితే "వీళ్లు తీసేయర్రా, జనవరి దాకా ఇంతే" అనే అంటాడు. శుక్రవారం ఏం జరిగిందో నీకు తెలుసు, వాళ్లకి తెలియదు. 2025 జనవరిలో డెట్రాయిట్ నుంచే బెన్ జాన్సన్ కోచ్‌గా వస్తాడన్న సంగతి ఆ గదిలో ఎవరి ఊహలోనూ లేదు. ఆ చీకట్లోనే వాళ్లని మాట్లాడనివ్వు.

పండక్కి ముందే మళ్లీ రాసి పంపు. టీవీ కట్టేశాక తండ్రి మెట్లెక్కి వెళ్లిపోయాడని రాశావు. పకోడీల పళ్లెం ఎవరు తీశారు?

ఆశీస్సులతో,
అన్నయ్య