అబ్బాయికి అలవాటుందా, లేదా? ముందు అది తేల్చుకోండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఉండగా, 2025 ఫిబ్రవరిలో, హైదరాబాద్‌లో ముగ్గురు కలిసి ఉండే గదిలో పోలీసులు సోదా చేశారు. 46 గ్రాముల గంజాయి దొరికిందని పంచనామా రాశారు. మూత్ర పరీక్ష పాజిటివ్ అన్నారు. అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పంపారు. మా వాడికి అలవాటు లేదు, స్నేహితులే చెడగొట్టారు. కేసు తర్వాత భయపడి ఒక ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్‌లో చేర్పించాం. అక్కడ రాత్రిళ్లు గొలుసుతో మంచానికి కట్టేవారట. 17వ రోజున ఇంటికి తెచ్చేసుకున్నాం. ఇప్పుడు చార్జిషీటు వేశారు, సమన్లు వచ్చాయి. తప్పు ఒప్పుకుని జరిమానా కడితే ఒక్క రోజులో అయిపోతుందని ఒకరు, ఏడాది దాటింది కాబట్టి కేసే చెల్లదని మరొకరు చెబుతున్నారు. ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్లాలి. తాగిన పిల్లలను నేరస్థులుగా చూసే ఈ చట్టం న్యాయమేనా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీ రెండు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇచ్చాను. అబ్బాయి మంచితనం గురించి మీరు రాసినదంతా తీసేస్తే కోర్టుకు పనికొచ్చే ముక్కలు మూడు మిగిలాయి: 46 గ్రాములు, 17 రోజులు, ‘అలవాటు లేదు’. కేసును తేల్చేది మూడోది. అదే మీ బలమని మీరు అనుకుంటున్నారు. నిజానికి మీ అబ్బాయిని బయటపడేసే సెక్షన్‌కు అడ్డం పడుతున్నది ఆ మాటే.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి కిలో వరకు ‘స్వల్ప పరిమాణం’. అందుకని 46 గ్రాముల తూకం మీద, ఆకులెన్ని, కాడలెన్ని అన్న వాదన మీద సమయం వృథా చేయకండి. దగ్గర ఉంచుకున్నందుకు గరిష్ఠంగా ఏడాది జైలు లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. తాగినందుకు సెక్షన్ 27 కింద ఆరు నెలల వరకు. ఇదే చట్టంలో సెక్షన్ 64ఏ ఉంది. స్వల్ప పరిమాణం కేసులో గానీ, సెక్షన్ 27 కేసులో గానీ నిందితుడైన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో, ప్రభుత్వ గుర్తింపు ఉన్న సంస్థలోనో చికిత్సకు చేరి, దాన్ని పూర్తి చేస్తే ఆ నేరానికి అతన్ని విచారించకూడదు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు.

ఆ సెక్షన్‌లోని మొదటి షరతు చూడండి: వ్యసనపరుడు. మత్తుపదార్థం మీద ఆధారపడిన వ్యక్తి అని చట్టమే నిర్వచనం ఇచ్చింది. ‘మా వాడికి అలవాటే లేదు’ అని మీరు అఫిడవిట్ వేసిన రోజున ఈ సెక్షన్ మీది కాకుండా పోతుంది. అలవాటు లేనివాణ్ని డీఅడిక్షన్ సెంటర్‌లో ఎందుకు చేర్చారని ప్రభుత్వ న్యాయవాది అడిగితే మీ దగ్గర సమాధానం లేదు. రెండు మాటలూ ఒకే నోటితో చెప్పలేరు. ఏది నిజమో మీరు, నేను తేల్చేది కాదు. మానసిక వైద్యుడు పరీక్షించి రాయాలి.

ఇక ఆ 17 రోజులు. సెంటర్‌కు గుర్తింపు ఉందో లేదో కనుక్కోకుండా చేర్చారు. చేరిక కాగితం లేదు, మందుల చీటీ లేదు, డిశ్చార్జి సమ్మరీ లేదు. ఉన్నదల్లా ఫోనులో డబ్బు పంపిన ఆనవాలు. ఇంటి అద్దె ఒప్పందానికైనా ఇంతకన్నా జాగ్రత్త తీసుకుంటాం కదా! 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు వాడకంతో వచ్చే స్థితులను కూడా మానసిక అనారోగ్యంలోనే చేర్చింది. అలాంటి రోగులను ఉంచుకునే ఏ కేంద్రమైనా నమోదు చేయించుకోవాలి. ఏ రూపంలోనూ గొలుసులు వేయకూడదు. తన వైద్య రికార్డు ఇమ్మని అడిగే హక్కు రోగికి ఉంది. అబ్బాయి సంతకంతో ఆ సెంటర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపి రికార్డు అడగండి. గొలుసుల మీద రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థకు వేరే ఫిర్యాదు ఇవ్వండి. దీన్ని క్రిమినల్ కేసుతో కలపకండి.

ఉత్తరం చివర చిన్న అక్షరాల్లో మీరు రాసిన మాటను నేను ప్రచురించలేదు. పాత తేదీతో ‘90 రోజుల కోర్సు పూర్తయింది’ అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లున్నారట. ఆ గడప తొక్కకండి. కోర్టు విచారణలో దొంగ సాక్ష్యం పుట్టిస్తే ఏడేళ్ల వరకు శిక్ష. ఏడాది కేసు నుంచి తప్పించుకోబోయి దాన్ని నెత్తిన వేసుకుంటారు. అదీగాక అది అనవసరం. చికిత్స కేసుకు ముందే జరిగి ఉండాలని 64ఏ ఎక్కడా అనలేదు. ఇప్పుడు చేరినా ఆ రక్షణ అడగవచ్చు.

జరిమానా కట్టి తేల్చుకోవడం ఇంకో ఉచ్చు. నేరం ఒప్పుకుంటే అది శిక్ష పడినట్టే, జరిమానా రూపాయైనా సరే. ఇది రాజీకి వీలైన నేరం కాదు కాబట్టి లోక్ అదాలత్ పేరు చెప్పి ఎవరైనా పిలిచినా వెళ్లకండి. పైగా మీరు అమెరికా అంటున్నారు. అక్కడి వలస చట్టంలో మాదకద్రవ్య నేరంలో శిక్ష పడినవారికి ప్రవేశ అనర్హత ఉంది. గ్రీన్‌కార్డు కోరేవారికి మినహాయింపు ఉన్నా అది సొంతానికి ఉంచుకున్న 30 గ్రాముల లోపు గంజాయికి, అదీ ఒక్కసారికే. మీ పంచనామాలో ఉన్నది 46. పది నిమిషాల్లో కట్టిన జరిమానా రసీదు పదేళ్ల తర్వాత వీసా అధికారి ముందు బయటపడుతుంది.

గడువు గురించి విన్నది పాతబడిన మాట. ఏడాది వరకు శిక్ష ఉండే నేరాన్ని కోర్టు ఏడాదిలోగా విచారణకు తీసుకోవాలన్న నిబంధన ఇప్పటికీ ఉంది. అయితే 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, సెక్షన్ 514 వివరణలో, గడువు లెక్కకు ఎఫ్‌ఐఆర్ నమోదైన తేదీనే తీసుకోవాలని చెప్పింది. సోదా రోజే ఎఫ్‌ఐఆర్ పడింది కాబట్టి చార్జిషీటు ఆలస్యమైనా మీకు గడువు వాదన మిగల్లేదు. ఆ నమ్మకంతో సమన్ల తేదీకి వెళ్లకపోతే వచ్చేది వారంటు.

వైద్యుడు పరీక్షించి వ్యసనం లేదని రాస్తే దారి వేరు. అప్పుడు పొట్లం ఎవరి అల్మారాలో దొరికింది, గది అద్దె ఎవరి పేరున ఉంది, మీ అబ్బాయి దాన్ని తెలిసే ఉంచుకున్నాడా అన్న దానిపై పోరాడాలి. మూత్ర పరీక్ష కిట్‌తో చేసిన ప్రాథమిక పరీక్షేనా, ప్రయోగశాల నివేదిక ఉందా అన్నది చార్జిషీటులో చూడాలి. పోలీసుల ముందు అతను సంతకం చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. ఆ భయం వద్దు.

చట్టం న్యాయమేనా అని అడిగారు. తాగేవాణ్ని, అమ్మేవాణ్ని ఒకే గాట కట్టిందని నాకూ కోపమే. పోలీసు భయంతో కన్నవాళ్లు పిల్లలను ఆసుపత్రికి బదులు గొలుసులున్న గదులకు తీసుకువెళ్లడం నా ఆఫీసులో తరచూ వింటున్నాను; మీరూ అదే చేశారు. కానీ ఆ కోపం మీ మేజిస్ట్రేటు ముందు పనికిరాదు, 64ఏ పనికొస్తుంది.

ఈ వారమే అబ్బాయిని హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తీసుకువెళ్లండి. దగ్గరలో గుర్తింపు పొందిన కేంద్రాలు కావాలంటే 14446కు ఫోను చేయవచ్చు. 17 రోజుల సంగతి, గొలుసుల సంగతి వైద్యుడికి దాచకుండా చెప్పమనండి. రోగి చెప్పినది గోప్యంగా ఉంచే బాధ్యత ఆసుపత్రిది. ఓపీ చీటీ నుంచి ప్రతి కాగితానికి రెండు జిరాక్సులు తీసి పెట్టండి. వ్యసనం ఉందని తేలితే, అబ్బాయి స్వయంగా చికిత్స కోరుతున్నట్టు సంతకం చేసిన పిటిషన్‌ను ఆ చీటీలతో సహా వాయిదా రోజున న్యాయవాది ద్వారా వేయించండి. చికిత్స పూర్తయ్యే వరకు విచారణ ఆపమని, తర్వాత ఈ సెక్షన్ కింద కేసు ముగించమని అందులో కోరాలి. మేజిస్ట్రేటు ఒప్పుకోకపోతే ఆ ఉత్తర్వు నకలుతో హైకోర్టుకు వెళ్లవచ్చు. కేసు పెండింగులో ఉండగా దేశం దాటాలంటే కోర్టు అనుమతి కావాలి. కాబట్టి ఆగస్టు సీటును జనవరికి వాయిదా వేస్తారేమో ఆ విశ్వవిద్యాలయానికి ఈ రోజే రాసి అడగండి.